తుప్పుకూ ఒక ఊరుంది

మిరప తోటకో తమలపాకు తోటకో బోర్డో మిశ్రమం కలిపే రైతుకు వ్యవసాయ పుస్తకాలు ఒక పరీక్ష నేర్పుతాయి. కిలో మైలుతుత్తం కొన్ని నీళ్లలో, కిలో సున్నం కొన్ని నీళ్లలో విడివిడిగా కలిపి, రెంటినీ చేర్చి వంద లీటర్లు చేశాక, బాగా నూరి మెరుగుపెట్టిన కొడవలి మొనను అందులో కాసేపు ముంచి తీయాలి. మొన ముంచినప్పటిలాగే మెరుస్తూ వస్తే మందు చల్లుకోవచ్చు. ఎర్రటి పూతతో పైకి వస్తే సున్నం చాల్లేదు, ఇంకొంచెం పోయాలి. ఆ ఎరుపు తుప్పు కాదు, రాగి. మైలుతుత్తంలో కరిగి ఉన్న రాగి వచ్చి ఇనుము మీద కూర్చుంది, దానికి సరిపడా ఇనుము కొడవలిని వదిలి నీళ్లలోకి దిగిపోయింది. మైలుతుత్తాన్ని ఇనుప డ్రమ్ములో కలపొద్దని చెప్పేది ఇందుకే. మందూ చెడుతుంది, డ్రమ్మూ చిల్లులు పడుతుంది. ఈ మందు 1885లో ఫ్రాన్సు ద్రాక్షతోటల్లో మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడి చేతుల మీదుగా లోకానికి వచ్చింది. కొడవలి మొన మీద కనిపించే ఆ మార్పిడిని అర్థం చేసుకోవడానికి మాత్రం ఐరోపా అంతకు చాలాముందు నుంచే, చాలా తర్వాత దాకా కూడా తంటాలు పడింది. లోహం తనంతట తాను చెడదు. పక్కన ఏ లోహం ఉంది, చుట్టూ ఏ నీరు ఉంది, ఏ గాలి తగులుతోంది, ఏ మట్టిలో పాతారు అన్నవే దాని ఆయుష్షును తేలుస్తాయి. తుప్పు పరిశోధన తొలి చరిత్ర అంతా నేరాన్ని లోహం మీది నుంచి దించి చోటు మీద పెట్టిన చరిత్ర అని నా వాదన. ఉప్పు కొటార్లూ నల్లరేగడీ పక్కపక్కనే ఉన్న గుంటూరు, ప్రకాశం మైదానాల వాళ్లకు ఆ చరిత్రతో మిగతా వాళ్లకన్నా ఎక్కువ పని ఉంది.

తెలుగులో లోహాలకు వచ్చే ఈ చెడుపుకు రెండు పేర్లున్నాయి. ఇనుముకు పట్టేది తుప్పు. రాగికీ ఇత్తడికీ కంచుకూ పట్టేది చిలుము. తుప్పు పొరలు పొరలుగా రాలి కింద కొత్త ఇనుమును మళ్లీ గాలికి చూపిస్తుంది, చిలుము చాలావరకు అంటిపెట్టుకుని ఉంటుంది. రెండూ ఒకటి కాదని భాష ముందే గుర్తించింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. రెంటికీ మనం వాడే క్రియ 'పట్టడం'. తుప్పు పుట్టింది అనం, పట్టింది అంటాం. బయటి నుంచి వచ్చి పట్టుకునేదన్న తలపు ఆ మాటలోనే ఉంది. మాటలోని తలపును సాక్ష్యంగా చూపించలేం, కానీ ఐరోపా శాస్త్రం ఆ తలపు దగ్గరికి రావడానికి చాలా దూరం నడిచింది. రాబర్ట్ బాయిల్ 1675లో ఈ విషయం మీద ఒక చిన్న గ్రంథమే రాశాడు. పదార్థాన్ని తినే గుణం, తినబడే గుణం రేణువుల ఆకారాల నుంచీ వాటి మధ్య ఉండే సందుల నుంచీ వస్తాయని అతని ఊహ. ఊహే గాని తూకం లేదు. తూకం, లెక్క రావడానికి డబ్బు నష్టపోయే వాడొకడు కావాలి. ఆ వాడు ఇంగ్లండు నౌకాదళం.

1761లో ఆ దళం అలారం అనే 32 ఫిరంగుల యుద్ధనౌక అడుగు భాగానికి పల్చటి రాగిరేకు తొడిగించింది. వెచ్చని సముద్రాల్లో కొయ్యను తొలిచే పురుగు నుంచి, అడుగున పేరుకునే గుల్లల నుంచి ఓడను కాపాడుకోవాలని. ఓడ తిరిగొచ్చాక 1763లో ఒడ్డున నిలిపి చూశారు. రాగి బాగుంది, పురుగు ముట్టలేదు. కానీ రేకును బిగించిన ఇనుప మేకులు చాలాచోట్ల తుప్పుముద్దలై ఊడిపోయాయి. చిత్రమేమిటంటే కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకని వెతికితే ఒక మామూలు కాగితం దొరికింది. రాగిరేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితాన్ని కొన్నిచోట్ల తీయకుండానే బిగించేశారు. రాగికీ ఇనుముకూ మధ్య కాగితం ఉన్నచోట మేకు బతికింది, లేనిచోట చచ్చింది. ఒకే కమ్మరి కొట్టిన మేకులు, ఒకే సముద్రం, ఒకే ప్రయాణం. తేడా అంతా పొరుగులోనే. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెట పోట్లు తప్పవని మన సామెత. ఇక్కడ రాగితో కూడిన ఇనుముకు ఆ గతి పట్టింది. నౌకాదళానికి అందిన ఆ నివేదికలో సిద్ధాంతం లేదు, ఉప్పునీటిలో ఇనుమూ రాగీ నేరుగా తగలకూడదన్న ఒక్క నిర్ణయం ఉంది. గాల్వానీ కప్పకాళ్ల ప్రయోగాలు, 1800లో వోల్టా పేర్చిన విద్యుత్ దొంతర ఇంకా రాని కాలమది. జరిగింది ఏమిటో చెప్పే మాటలే లోకంలో లేవు.

మాటలు వచ్చాక కూడా నేరం లోహం మీదే మోపారు. రాగిరేకులు అనుకున్నదానికన్నా త్వరగా అరిగిపోతున్నాయని నౌకాదళ అధికారులు 1823లో రాయల్ సొసైటీని సలహా అడిగారు. రాగిలో కల్తీ ఉందని, కరిగించి శుద్ధి చేసే పద్ధతి బాగాలేదని అప్పటి వాళ్ల అనుమానం. హంఫ్రీ డేవీ పూనుకుని పరీక్షిస్తే, ఏ కల్తీ లేని రాగి కూడా సముద్రపు నీటిలో అలాగే కరిగింది. నీటిలో కరిగి ఉన్న గాలి, అంటే అందులోని ఆక్సిజన్, దానికి ముఖ్య కారణమని అతను తేల్చాడు. రాగిని మార్చే ప్రయత్నం మానేసి దాని పొరుగును మార్చాడు. బఠాణీ గింజంత తుత్తునాగం ముక్కో, చిన్న ఇనుప మేకు మొనో రాగిరేకుకు తగిలిస్తే నలభై యాభై చదరపు అంగుళాల రాగి ఉప్పునీటిలో కాంతి తగ్గకుండా నిలిచింది. తుత్తునాగం తాను కరిగి రాగిని కాచింది. 1824 జనవరిలో డేవీ ఈ ఫలితాన్ని రాయల్ సొసైటీ ముందు చదివాడు. ఈ రోజు సముద్రంలో వేసే చమురు గొట్టాలకు, ఓడలకు, రేవుల ఉక్కు స్తంభాలకు తుత్తునాగం దిమ్మెలు కట్టే పద్ధతి మొత్తం ఆ బఠాణీ గింజ నుంచి మొలిచింది.

ఆ ప్రయోగాన్ని నిజం ఓడ మీద చూడాలనుకున్నప్పుడు ఎన్నుకున్న వాటిలో సమరంగ్ అనే నౌక ఒకటి. మన కొచ్చిన్‌లో తయారై 1822 జనవరి 1న నీళ్లలోకి దిగిన ఓడ అది. దానికి రాగి తొడిగింది కూడా మన దేశంలోనే. రాగి వైశాల్యంలో సుమారు ఎనభయ్యో వంతు వచ్చేలా ముందూ వెనకా ఇనుప దిమ్మెలు బిగించి నోవా స్కోషియా దాకా పంపారు. 1825 జనవరిలో తిరిగి వచ్చాక చూస్తే రాగి దాదాపు అరగలేదు. డేవీ మాట నిజమైంది, కానీ ఈ పద్ధతి పెట్టుకున్న ఓడలు మొరాయించాయి. అడుగున గుల్లలు, నాచు దట్టంగా పట్టి వేగం పడిపోయింది. రాగి కొద్దికొద్దిగా కరిగి నీటిలోకి చేరడమే ఆ గుల్లలకు విషం. రాగి కరగకుండా ఆపితే విషమూ ఆగింది. నౌకాదళం దిమ్మెలు తీసేయించింది, 1829లో డేవీ కన్నుమూశాడు. ఈ ఘట్టాన్ని అతని ఓటమిగా రాసేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. అరగడం కూడా ఒక్కోసారి పనికొచ్చే గుణమేనని, లోహాన్ని విడిగా కాక అది బతికే నీటితోనూ అందులోని జీవాలతోనూ కలిపి చూడాలని మొదటిసారి తేటతెల్లం చేసింది ఆ గుల్లలే.

తర్వాతి ఘట్టాల్లో నేను ఎక్కువ గౌరవించేది ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మాలెట్‌ను. భూకంపాల మీద చేసిన పనికి పేరొందిన మనిషి. 1838, 1840, 1843 సంవత్సరాల్లో బ్రిటిష్ అసోసియేషన్‌కు ఇనుము మీద నీటి ప్రభావం గురించి వరసగా నివేదికలిచ్చాడు. డబ్లిన్ పరిసరాల్లో స్వచ్ఛమైన సముద్రపు నీటిలో, మురుగు కలిసిన సముద్రపు నీటిలో, నది నీటిలో రకరకాల ఇనుప ముక్కలను తూచి ముంచి, కాలం గడిచాక తీసి మళ్లీ తూచాడు. మెరుపులాంటి ఆలోచన ఏదీ లేదు ఆ పనిలో, ఓపిక ఉంది. కానీ ఒకే ఇనుము మూడు నీళ్లలో మూడు రకాలుగా తరుగుతుందన్న సంగతికి అంకెలు దొరికాయి. అదే కాలంలో జెనీవాలో డి లా రీవ్ ఆమ్లంలో కల్తీ తుత్తునాగం శుద్ధమైన దానికన్నా వేగంగా కరగడాన్ని చూసి, ఒకే ముక్కలో కూడా చిన్న చిన్న విద్యుత్ ఘటాలు ఏర్పడతాయన్నాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుముకు కరిగిన తుత్తునాగం పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన ఊళ్లలో జీఐ పైపు అని పిలిచే గొట్టం, జీఐ రేకు దాని సంతానమే.

ఇంత జరిగినా రసాయన శాస్త్రవేత్తలు ఒక ముప్పై ఏళ్లు దారి తప్పారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఉంటేనే ఇనుము తుప్పు పడుతుందని 1871లో క్రేస్ కాల్వర్ట్ ప్రయోగాల ఆధారంగా చెప్పాడు, చాలామంది నమ్మారు. 1903లో అమెరికాలో విల్లిస్ విట్నీ ఆ వాయువు లేకుండా మరిగించిన నీటిలో ఇనుమును మూసి ఉంచి, ఇనుము నీటిలోకి కరుగుతోందని, గాలి సోకగానే ఆ కరిగినది తుప్పుగా బయటపడుతుందని చూపించాడు. కరగడం ఒక ఘట్టం, తుప్పుగా కనబడటం మరో ఘట్టం. కంటికి ఎర్రగా కనిపించేసరికి అసలు నష్టం జరిగిపోయి ఉంటుంది. ఆ తర్వాత 1920ల్లో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ చేసిన ప్రయోగాన్ని ఇంటర్ విద్యార్థి కూడా చేసి చూడొచ్చు. మెరుగుపెట్టిన ఇనుప పలక మీద ఒక్క ఉప్పునీటి బొట్టు వేస్తారు. ఇనుము కరిగినచోట నీలంగా, క్షారం ఏర్పడినచోట గులాబీగా మారే మందు అందులో ముందే కలిపి ఉంటుంది. కాసేపటికి బొట్టు నడిమిన నీలం, అంచు చుట్టూ గులాబీ వలయం తేలతాయి. రెంటికీ మధ్య గోధుమరంగు తుప్పు గీత. గాలి ఎక్కువ అందే అంచున ఇనుము క్షేమంగా ఉంది, గాలి అందని నడిమిన కరిగింది. రెండో లోహం లేదు, కల్తీ లేదు. ఒకే పలక మీద, ఒకే బొట్టు కింద, గాలి అందడంలో తేడా ఒక్కటి చాలింది.

ఆ బొట్టును పెద్దది చేసి చూస్తే అది నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు వైపు పత్తి పండే నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, వానాకాలంలో బంకగా మూసుకుపోయే నేల. అందులో పాతిన ఇనుప గొట్టానికి ఒకచోట నెర్రె గుండా గాలి తగులుతుంది, పక్కనే బంకమన్ను అతుక్కున్నచోట గాలే ఉండదు. ఎవాన్స్ బొట్టులో నడిమికి పట్టిన గతి ఆ బంక కింది ఇనుముకు పడుతుంది. పైగా రేగడి తేమను పట్టి ఉంచుతుంది, అందులో లవణాలు ఉన్నచోట విద్యుత్తు తేలిగ్గా పారుతుంది. అందుకే గొట్టం అంతా సమానంగా అరగదు, అక్కడక్కడ గుంటలు పడి ఒకచోట చిల్లు పడుతుంది. మిగతా గొట్టం కొత్తదానిలా ఉంటే దుకాణదారు నాసిరకం అంటగట్టాడని అనుకుంటాం. నాసిరకం సరుకు లోకంలో లేదని అనను. కానీ కొనుగోలుదారుడు ముందుగా అడగాల్సింది గొట్టం ఏ కంపెనీది అని కాదు, ఏ మట్టిలోకి పోతోంది అని.

రేగడి నుంచి తూర్పుకు ముప్పై నలభై కిలోమీటర్లు పోతే కథ మారిపోతుంది. చినగంజాం, కనపర్తి ఉప్పు కొటార్లు, వాడరేవు, సూర్యలంక. ఇక్కడ శత్రువు గాలిలో తిరుగుతుంది. ఈ భాగం చరిత్ర ఇంగ్లండులో వెర్నన్ అనే పరిశోధకుడిది. 1920ల్లో అతను ఇనుప పలకలను గదిలో వేలాడదీసి నెలల తరబడి తూచాడు. కొన్నింటి చుట్టూ పల్చటి మస్లిన్ గుడ్డ కట్టాడు. తేమ ఆ గుడ్డలోంచి దర్జాగా లోపలికి పోతుంది, ఆక్సిజన్ పోతుంది, ధూళి మాత్రం పోదు. గుడ్డ కట్టని పలకలు తుప్పు పట్టాయి, గుడ్డలోనివి మెరుస్తూనే ఉన్నాయి. పత్తి పండించే సీమ వాళ్లం కాబట్టి ఈ ప్రయోగం మనకు ఇంకొంచెం దగ్గరగా అనిపించాలి. ఒక్క పొర నూలుబట్ట గాలిలోని రేణువుల పాత్రను బయటపెట్టింది. గాలిలో తేమ ఒక మోతాదు దాటాకే తుప్పు హఠాత్తుగా జోరందుకుంటుందని కూడా వెర్నన్ తర్వాత చూపించాడు. సముద్రతీరంలో ఆ రేణువు ఉప్పు. తేమ 75 శాతం దాటితే ఉప్పు తానే చెమ్మగిల్లి నీరవుతుంది. అంటే వాన కురవకపోయినా, ఉప్పు సోకిన కిటికీ కమ్మీ మీద తెల్లవారుజామున ఎవాన్స్ బొట్టు సిద్ధంగా ఉంటుంది. శ్లాబులోని కమ్మీకి అదే ఉప్పు చేరితే ఇనుము తుప్పై ఉబ్బి కాంక్రీటు పెచ్చులూడిపోతుంది. తీరం వెంట ఉన్న ఊళ్లలో తలెత్తి చూస్తే కనబడే దృశ్యం ఇది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. చోటే సర్వస్వమైతే ఢిల్లీ ఇనుప స్తంభం మాటేమిటి? ఏడు మీటర్లకు పైగా పొడవు, ఆరు టన్నులకు పైగా బరువు, పదహారు వందల ఏళ్లుగా ఎండలో వానలో నిలబడి ఉంది. ఆ ఇనుములోనే మహత్తు ఉందని మనలో చాలామందికి నమ్మకం. దీన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. 1912 ప్రాంతంలో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ చేయించిన విశ్లేషణలో ఆ ఇనుములో భాస్వరం 0.114 శాతం ఉందని తేలింది. నేటి మామూలు ఉక్కులో అంత ఉండనివ్వరు. కాన్పూర్ ఐఐటీలో ఆర్. బాలసుబ్రమణ్యం 2000 ప్రాంతంలో ఆ భాస్వరమే ఇనుము మీద ఒక రక్షణ పొర ఏర్పడటానికి తోడ్పడిందని వివరించారు. కాబట్టి లోహం మాటకు విలువ లేదని నేను అనడం లేదు. కానీ రెండో సాక్షిని కూడా పిలవాలి. 1953లో హడ్సన్ అనే బ్రిటిష్ నిపుణుడు స్తంభం దగ్గర మామూలు ఉక్కు ముక్కలు ఉంచి చూస్తే, ఢిల్లీ పొడిగాలిలో అవి కూడా చాలా కొద్దిగానే తుప్పు పట్టాయి. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం స్తంభమే ఇస్తోంది. నేల పైన ఉన్న భాగం నిగనిగలాడుతుంటే, నేలలో పాతిన భాగం తుప్పు పట్టింది. ఒకే కొలిమి, ఒకే భాస్వరం, ఒకే స్తంభం. గాలిలో ఒక ఆయుష్షు, మట్టిలో ఇంకొకటి. ఆ స్తంభాన్ని చినగంజాం ఒడ్డున నిలిపి ఉంటే ఈ రోజు మనం దాని గురించి గర్వంగా మాట్లాడుకునే వాళ్లమని నేను అనుకోను.

మరో ఆక్షేపణ ఇది. ఇదంతా మనవాళ్లకు ముందే తెలుసు, సీమదొరలు కొత్తగా కనిపెట్టిందేముంది? తెలిసిన మాట నిజం. చింతపండు పులుసు ఇత్తడి గిన్నెలో వండితే చిలుము దిగుతుందని తెలిసే లోపల తగరం పూత, అంటే కళాయి, వేయించారు. దున్నడం అయిపోయాక నాగలి కర్రును తుడిచి చమురు రాసి అటకెక్కించారు. కోరమాండల్ తీరంలో అలల్ని దాటడానికి వాడిన మసూలా పడవను చూడండి. పలకల్ని మేకులతో కాక కొబ్బరినార తాళ్లతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు వంగి తట్టుకోవాలన్నదే దానికి మొదటి కారణం, తుప్పు భయం కాదు. అయినా అలారం ఓడ మేకులకు పట్టిన గతి ఆ పడవకు ఎన్నడూ పట్టదు. ఇది అనుభవజ్ఞానం, గౌరవించదగ్గది. కానీ కొత్త లోహం, కొత్త చోటు వచ్చినప్పుడు అది దారి చూపలేకపోయింది. కళాయి వేసే చేతికి వందల అడుగుల లోతు బోరుబావిలో ఇనుప కేసింగు ఎన్నేళ్లు నిలుస్తుందో తెలియదు, తెలిసే వీలు లేదు. ఏం చేయాలో తెలిసిన జ్ఞానానికి, ఎంత అని కొలిచే అలవాటు తోడు కావాలి. మాలెట్ తక్కెడలో ఉన్నది ఆ అలవాటే.

ఇంకొకరు అడగొచ్చు: ఈ చరిత్రంతా పోర్ట్స్‌మత్, డబ్లిన్, కేంబ్రిడ్జిలది కదా, మనకేం సంబంధమని. సంబంధం ఉంది, అది బాపట్ల దగ్గరి బుద్ధాం గ్రామంలో నేల కింద దొరికింది. 1870 ప్రాంతంలో అక్కడ బయటపడ్డ కంచు బుద్ధ విగ్రహాలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. రాబర్ట్ సూయెల్ 1895లో వాటి గురించి రాశాడు. క్రీస్తుశకం ఆరు నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా పోతపోసిన ఆ ప్రతిమలు వెయ్యేళ్లకు పైగా తీరప్రాంతపు మట్టిలో ఉండి కూడా ముఖకవళికలు, చీవరం మడతలు గుర్తుపట్టేలా వచ్చాయి. అదే మట్టిలో అదే కాలపు ఇనుప మేకు అయితే గోధుమరంగు మరకై మిగిలేది. తుప్పుకూ చిలుముకూ మన భాష చేసిన తేడా ఇక్కడ మట్టి చేసి చూపించింది. కానీ కంచుకు ఒక పగవాడున్నాడు, ఉప్పు. ఉప్పు సోకిన కంచు పైకి వచ్చి తేమ గాలి తగలగానే లేతపచ్చ పొడి మచ్చలు రేగి లోలోపల తినేస్తుంది. మ్యూజియంల వాళ్లు దీన్ని కంచు రోగం అంటారు. 1890ల్లో ఫ్రెంచి రసాయనవేత్త బెర్తెలో ఇది ఆగని చక్రం అని వివరించాడు. ఉప్పులోని క్లోరిన్ ఖర్చు కాదు, ఒక వంతు రాగిని తిని విడుదలై మళ్లీ ఇంకో వంతు మీద పడుతుంది.

ఈ రోగానికి మన దేశంలో తొలి వైద్యశాలల్లో ఒకటి మద్రాసు ప్రభుత్వ మ్యూజియం. గుంటూరు జిల్లా అప్పటి మద్రాసు రాజధానిలో భాగం. అమరావతి సున్నపురాతి శిల్పాల్లో చాలా భాగం, అక్కడి కంచు బుద్ధుడి ప్రతిమలూ చేరింది ఆ మ్యూజియానికే. 1930లలో అక్కడ రసాయన ప్రయోగశాల నెలకొని, ఎస్. పరమశివన్ విద్యుత్తుతో కంచు విగ్రహాలను బాగుచేసే పద్ధతిని చేపట్టారు. అమెరికాలో కోలిన్ ఫింక్ 1925లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. విగ్రహాన్ని కాస్టిక్ సోడా నీటిలో ముంచి, బ్యాటరీ రుణధ్రువానికి కలిపి, బలహీనమైన విద్యుత్తును చాలాసేపు పారిస్తారు. ఉప్పు విగ్రహాన్ని వదిలి నీటిలోకి దిగుతుంది, చిలుములోని రాగి కొంత మళ్లీ లోహంగా మారుతుంది. డేవీ బఠాణీ గింజ రాగిని కాచిన పద్ధతీ ఇదీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. ఓడల నష్టం లెక్కేసుకోవడానికి ఇంగ్లండులో మొదలైన విద్య వందేళ్లకు మద్రాసులో దేవుళ్లకూ బుద్ధుళ్లకూ వైద్యమైంది. తుప్పు శాస్త్రం మనదేశంలో కార్ఖానా గుమ్మం గుండా వచ్చిందని అనుకుంటాం. మ్యూజియం గుమ్మం గుండా కూడా వచ్చిందన్నది మరచిపోరాని సంగతి.

ఆ విద్య అవసరం ఈ మైదానానికి ఎప్పుడు పెరిగిందో తెలుసుకోవాలంటే కృష్ణ ఒడ్డున నిలబడాలి. 1855లో పూర్తయిన బెజవాడ ఆనకట్ట ప్రధానంగా రాతి కట్టడం. అది 1952లో తెగాక కట్టి 1957లో ప్రారంభించిన ప్రకాశం బ్యారేజీకి 70 ఇనుప గేట్లు. రాయి నీటిని అడ్డుకుని ఊరుకుంటుంది. గేటు రోజూ తడుస్తుంది, ఆరుతుంది, ఎత్తుతారు, దించుతారు. సగం నీటిలో, సగం గాలిలో ఉండే ఇనుము ఎవాన్స్ బొట్టుకు అసలైన ఉదాహరణ. రాతి నుంచి ఇనుముకు మారిన రోజే తుప్పు ఇంటి సమస్యగా కాక ప్రజల సమస్య అయింది. ప్రకాశం జిల్లా మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ జలాశయంలో 2022 ఆగస్టు 31 రాత్రి మూడో గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో తుపాను వరద తర్వాత రెండో గేటు పోయింది. గేట్ల ఇనుము తుప్పు పట్టి బలహీనపడిందని అప్పటి వార్తల్లో వచ్చింది. ఆయకట్టుకు దక్కాల్సిన నీరు సముద్రం పాలైంది. నిర్వహణలో లోపం ఎవరిదన్నది వేరే విచారణ. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న, ఆ నీటిలో, ఆ గాలిలో మామూలు ఉక్కు ఏడాదికి ఎంత మందం తరుగుతుందన్న అంకె గేటుకు రంగు వేసే వాళ్ల చేతిలో ఉందా అన్నది.

ఆ అంకెను సంపాదించే ఏర్పాటు దేశం చేసుకోకపోలేదు. అళగప్ప చెట్టియార్ ఇచ్చిన భూమి, విరాళాలతో తమిళనాడు కారైకుడిలో కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు 1948 జులై 25న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1953 జనవరి 14న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. మండపం సముద్రతీరంలో లోహపు పలకలు కట్టి తూచిన ఆ సంస్థ దేశానికి తుప్పు పటం కూడా గీసింది. దేశం మొత్తానికి గీసిన పటంలో గుంటూరు, ప్రకాశం సీమ ఒక చిన్న మచ్చ. ఆ మచ్చలో ఉప్పు కొటారూ, రేగడీ, మార్కాపురం పలకరాతి నేలా కలిసిపోతాయి. అవి మూడు వేర్వేరు చోట్లని ఇక్కడి రైతుకు తెలుసు.

గుంటూరు, చీరాల, బాపట్ల, ఒంగోలు ఇంజనీరింగ్ కళాశాలల అధ్యాపకులకూ విద్యార్థులకూ నా విన్నపం ఇది. అరచేయంత మామూలు ఉక్కు రేకులు కొన్ని కోయించండి. శుభ్రం చేసి, సున్నితపు తక్కెడలో తూచి, ఒక్కోదానికి అంకె వేయండి. చినగంజాం కొటారు గట్టు మీద కొన్ని, చిలకలూరిపేట రేగడిలో రెండడుగుల లోతున కొన్ని, మల్లవరం జలాశయపు నీటి అంచున కొన్ని, మార్కాపురంలో ఒక మేడ మీద కొన్ని కట్టండి. ఏడాది తిరిగాక తీసి, తుప్పును కడిగేసి మళ్లీ తూచండి. మాలెట్ 1838లో చేసింది అంతే. వచ్చిన అంకెల్ని తెలుగులో అచ్చువేసి, నీటిపారుదల శాఖ లస్కరు నుంచి బోరు వేసే మేస్త్రీ దాకా అందరికీ పంచిపెట్టండి.